ప్లాటు నెల నెలా కిస్తీ కట్టదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "పొదుపు – పెట్టుబడి" అని కార్డులో రాశారు. మన భువనగిరి దిక్కు ఇప్పుడు పెట్టుబడి అంటే ఒక్కటే అర్థం. ప్లాటు. యాదగిరిగుట్ట గుడి కొత్తగా కట్టి 2022 మార్చిలో మళ్లీ దర్శనాలు మొదలయ్యాయి. భువనగిరి, చౌటుప్పల్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు వస్తదని అన్నారు. ఇగ చూడండి, పత్తి చేన్లలో కడీలు పాతారు, రంగు జెండాలు కట్టారు, కమాన్లు లేపారు. బస్సు దిగితే చాలు, చేతిలో ఒక రంగుల కాగితం పెడతారు.

ఈ మహాసభకు కూడా ఒక వెంచర్ వాళ్లు వచ్చి, "అక్కా, భోజనాలు మావి, ఒక్కొక్కరికి స్టీలు డబ్బా కూడా ఇస్తం, మాకు పావుగంట మైకు ఇస్తే చాలు" అన్నారు. కమిటీ వద్దన్నది. అందుకే ఇయ్యాల పప్పు, వంకాయ కూర, పెరుగు. కొందరు అక్కలు "మటన్ పోగొట్టిరి గదనే" అని గొణిగారు, నాకు వినబడింది. అయితే పావుగంట మైకు కోసం అంత ఖర్చు వాళ్లు ఎందుకు పెడతారో ఒకసారి ఆలోచించండి. ఈ షామియానా కింద కూర్చున్న వాళ్లలో ప్రతి ఒక్కరి పేరు మీద బ్యాంకు లింకేజీ అప్పు ఉంది, లేదంటే వచ్చే నెల రాబోతుంది. ఏ సంఘానికి ఎంత మంజూరు అయిందో మనకంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు చూసేది మన ముఖాలు కాదు, మన లిమిట్లు.

ఒక మాట ముందే చెప్తున్నా. ఉండటానికి ఇల్లు కట్టుకుందామని జాగ కొనుక్కునే అక్కను నేను ఆపను. పది గజాలైనా సొంత జాగ ఉండాలని ఎవరికి ఉండదు? నేను మాట్లాడేది "కొని పెట్టుకుంటే పెరుగుతది, అమ్ముకుంటం" అని కొనే ప్లాటు గురించి. అందులోనూ సంఘం అప్పు తీసి కొనే ప్లాటు గురించి.

మా ఊరి సంఘంలో ఒక అక్క సంగతి ఆమెను అడిగే చెప్తున్నా, పేరు చెప్పను. సంఘానికి 15 లక్షలు వచ్చాయి. పది మంది, తలా లక్షన్నర. 36 నెలల కిస్తీ, ఒక్కొక్కరికి నెలకు 5,000 దాకా. మైక్రో క్రెడిట్ ప్లానులో ఆ అక్క "కుట్టు మిషన్లు, చీరల వ్యాపారం" అని రాయించింది. లక్షన్నర తీసుకుపోయి, ఇంట్లో ఉన్న చిట్టీ పైసలు, గొలుసు కుదువబెట్టిన పైసలు కలిపి, 4 లక్షలు ఒక వెంచర్ వాళ్లకు కట్టింది. 150 గజాల ప్లాటు, గజం 6,000. మిగతాది 18 నెలల్లో కడితే రిజిస్ట్రేషన్ అన్నారు. వాళ్ల కంపెనీ బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి ఇచ్చారు, అందులో కట్టిన ప్రతిసారి ఒక సంతకం. అది బ్యాంకు పాస్‌బుక్ లాగే ఉంటుంది గానీ, దానితో ప్లాటు మీద హక్కు రాదు.

తొమ్మిదో నెలలో ఆమె భర్తకు కాలు విరిగింది. ఇల్లు గడవడమే కష్టమైంది. ఇటు సంఘం కిస్తీ ఆగింది, అటు ప్లాటు కిస్తీ ఆగింది. ఆమె పోయి "నా పైసలు నాకియ్యండి" అంటే, నాలుగో వంతు కోసుకుంటం, మిగతాది కూడా ఆ ప్లాటు ఇంకొకరు కొన్నప్పుడే ఇస్తం అన్నారు. ఆ ఇంకొకరు ఇప్పటిదాకా రాలేదు.

ఇప్పుడు మిగతా తొమ్మిది మంది సంగతి. బ్యాంకు ఆమెను అడగదు, సంఘాన్ని అడుగుతుంది. ఏడు నెలలు ఆమె 5,000ను ఈ తొమ్మిది మంది పంచుకొని కట్టారు. తలా నెలకు 555. ఏడు నెలలకు మనిషికి 3,900 దాకా. అందులో బీడీలు చుట్టే ముసలమ్మ ఉంది, ఒంటరి మహిళ ఉంది. వాళ్లు ఏ ప్లాటూ కొనలేదు, ఏ కమానూ చూడలేదు. రెండు నెలలు వారం మీటింగు జరగలేదు. కూర్చుంటే కొట్లాటే. ఇరవై ఏండ్ల నుంచి కలిసి పొదుపు చేసిన ఆడోళ్లు బోరింగు కాడ మాట్లాడుకోవడం మానేశారు. గ్రామ సంఘంలో పెట్టి, ఆమె కిస్తీని చిన్నగా చేసి, ఇప్పుడు ఒక దారికి తెచ్చినం. ఆ మధ్యలో తప్పిన కిస్తీల వల్ల వడ్డీలేని రుణం లెక్క నుంచి ఆ నెలలు పోయాయి, అది పది మందికీ పోయింది.

ఆ అక్క ఎవరినీ మోసం చేద్దామనుకోలేదు. బిడ్డ పెళ్లి నాటికి పనికొస్తదనుకుంది. నేను చెప్పేది పైసల స్వభావం గురించి. బర్రె కొంటే పాల బిల్లు పదిహేను రోజులకు వస్తుంది. కిరాణం పెడితే రోజూ గల్లాలో ఎంతో కొంత పడుతుంది. సంఘం అప్పు నెల నెలా తిరిగి కట్టే అప్పు, దానికి నెల నెలా వచ్చే ఆదాయం కావాలి. ప్లాటు పాలియ్యదు, గుడ్డు పెట్టదు. అమ్మిన రోజే పైసలు, అప్పటిదాకా గడ్డి.

"పెరుగుతది గదా అక్కా" అంటారు. సరే, పెరిగిందనే అనుకుందాం. అదే ప్లాటు లెక్క వేద్దాం, రాసుకునే వాళ్లు రాసుకోండి. 150 గజాలు, గజం 6,000 అంటే 9 లక్షలు. స్టాంపు, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి మన తెలంగాణలో నూటికి ఏడున్నర. అంటే 67,500. మొత్తం 9,67,500. ఈ పైసలకు రూపాయి వడ్డీ వేయండి. మన ఊళ్లో ప్రైవేటుగా రూపాయికి ఎవరిస్తున్నారు, రెండు రూపాయలు, మూడు రూపాయలు గదా. అయినా రూపాయే వేద్దాం. ఏడాదికి 1,16,100. ఐదేళ్లకు 5,80,500. చక్రవడ్డీ కూడా కాదు, మామూలు వడ్డీ. అసలు, వడ్డీ కలిపితే 15,48,000. దాన్ని 150 గజాలతో భాగించండి. గజానికి 10,320.

అంటే ఐదేళ్ల తర్వాత "నేను 6,000కు కొన్న గజం 10,000కు పోయింది" అని ఒక అక్క లడ్డూలు పంచిందనుకోండి, ఆమెకు నిజానికి 48,000 నష్టం. అమ్మి పెట్టినోడి కమీషను ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ లెక్క నేను మా గ్రామ సంఘంలో బోర్డు మీద వేస్తే, డిగ్రీ చదివిన ఒక తమ్ముడు కూడా సెల్లులో మళ్లీ వేసి చూసుకున్నాడు.

ఇంకొకటి, ధర చెప్పడం వేరు, అమ్ముడుపోవడం వేరు. "మన దగ్గర ఇప్పుడు గజం 12,000 నడుస్తున్నది" అని అమ్మేటోడు చెప్తాడు. మీరే అమ్ముదామని పోతే, "ఇప్పుడు మార్కెట్ డల్లుగా ఉంది, జర ఆగండి" అని అదే మనిషి చెప్తాడు. దవాఖాన ఖర్చు ఆగుతదా? బంగారమైతే పొద్దున కుదువబెట్టి మధ్యాహ్నానికి పైసలు తెచ్చుకుంటాం. ప్లాటుకు కొనేటోడు దొరకాలి, వాడు కాగితాలు చూపించుకోవాలి, బయానా ఇవ్వాలి, మిగతాది రెండు మూడు నెలలకు ఇవ్వాలి. అర్జంటు అని తెలిస్తే ధర సగానికి అడుగుతారు.

రోడ్డు వస్తదని కొనే వాళ్లకు ఇంకో సంగతి. రోడ్డు పక్కనుంచి పోతే రేటు పెరగొచ్చు. మన ప్లాటు మీద నుంచే పోతే? భూసేకరణలో నష్టపరిహారం కట్టేటప్పుడు సర్కారు విలువలు, ఆ చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ అయిన ధరలు చూస్తారు. మనం ఏజెంటుకు ఎంత కట్టినం అనేది చూడరు. ఫీజు మిగుల్చుకోవడానికి అందరూ డాక్యుమెంట్లలో తక్కువ ధర రాయించుకుంటే, ఆ తక్కువ ధరే రేపు అందరి మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ఆ దిక్కు ఏ సర్వే నంబరు కొనాలన్నా, అది రోడ్డులో పోతుందా అని ఆర్డీఓ ఆఫీసులో అడగకుండా కొనొద్దు.

ఇగ కాగితాల సంగతి. సొంత పైసలతో, అప్పు లేకుండా కొనుక్కునే అక్కలు ఉంటారు, వాళ్ల కోసం చెప్తున్నా. బయానా ఇవ్వకముందే ఇవన్నీ చూడాలి. బయానా ఇచ్చినంక చూస్తే కాగితాలు కనబడవు, ఇచ్చిన పైసలే కనబడతాయి.

మొదట అడగాల్సింది లేఅవుట్ అనుమతి. ఊరిని బట్టి హెచ్‌ఎండీఏ గానీ, డీటీసీపీ గానీ అనుమతి ఇవ్వాలి. "గ్రామ పంచాయతీ అప్రూవ్డ్" అని కాగితం మీద సర్పంచి సంతకం చూపిస్తారు. పై నుంచి సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుట్ ఇయ్యలేదు. అట్లాంటి ప్లాట్లకు 2020 ఆగస్టు చివరి నుంచి కొత్తగా రిజిస్ట్రేషన్లు ఆపారు. అదే ఏడాది ఎల్‌ఆర్‌ఎస్ పెట్టి 1,000 రూపాయలతో దరఖాస్తులు తీసుకున్నారు. లక్షల మంది పెట్టుకున్నారు, ఏండ్ల తరబడి అవి కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇస్తే కొన్ని కదిలాయి. అందులో ఒక అన్యాయం చూడండి. లేఅవుట్‌లో పదో వంతు జాగ పార్కుకు, అందరి అవసరాలకు వదలాలి. అది వదలకుండా అమ్ముకున్నది వెంచర్ వాడు. దాని బదులు ప్లాటు విలువలో నూటికి 14 కట్టేది మాత్రం కొనుక్కున్న మనం. "ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే అయిపోతది అక్కా" అని తేలిగ్గా చెప్పే వాళ్లను, "అయితే ఆ పైసలు నువ్వు కట్టి అమ్ము" అనండి.

అనుమతి ఉన్నదంటే కూడా అక్కడే ఆగొద్దు. డ్రాఫ్ట్ లేఅవుట్ అంటే, రోడ్లు, మోరీలు, కరెంటు, నీళ్లు చేసి చూపించు అని అర్థం. అవి పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చిన ఆఫీసు తన పేరు మీద తాకట్టు పెట్టుకుంటుంది. ఆ ప్లాట్ల నంబర్లు కాగితంలోనే ఉంటాయి. మనకు అంటగట్టే ప్లాటు అందులో ఒకటేమో చూసుకోవాలి. ఫైనల్ లేఅవుట్ వచ్చినంకనే ఆ తాకట్టు విడిపిస్తారు.

రెండోది రెరా. 2016లో కేంద్రం చేసిన చట్టం. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 600 గజాలకు కొంచెం తక్కువ, అంతకు మించిన జాగలో ప్లాట్లు చేసి అమ్మాలంటే రెరాలో నమోదు కావాలి. నమోదు కాకముందు అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, కరపత్రం కూడా వేయకూడదు. మన బస్టాండులో పంచే కాగితాల మీద రెరా నంబరు వెతకండి. నంబరు ఉంటే తెలంగాణ రెరా వెబ్‌సైటులో కొట్టి చూడమని ఇంట్లో చదువుకునే పిల్లలకు చెప్పండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మా అక్క దగ్గర 9 లక్షల ప్లాటుకు 4 లక్షలు తీసుకున్నారు, చేతికిచ్చింది ఒక పుస్తకం.

మూడోది ఈసీ. మీసేవలో గానీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గానీ తీయొచ్చు. 1983 నుంచి కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎవరి నుంచి ఎవరికి పోయింది, తాకట్టు ఉన్నదా అన్నది తెలుస్తుంది. అయితే "ఈసీ క్లీన్‌గా ఉంది" అంటే అంతా సాఫీ అని అనుకోవద్దు. తెల్ల కాగితం మీద చేసుకున్న ఒప్పందాలు ఈసీలో కనబడవు. కోర్టులో నడిచే కొట్లాటలు సాధారణంగా కనబడవు. ఇంట్లో ఆడబిడ్డ సంతకం పెట్టలేదన్న సంగతి అసలే కనబడదు. ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా వాటా అని మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అన్నదమ్ములు అమ్ముకుంటారు, ఆడబిడ్డ పదేళ్లకు వచ్చి నా వాటా ఏదంటుంది. ఆమె అడిగేది న్యాయమే, మనమైనా అడుగుతాం. నష్టపోయేది కొన్న మనిషి. కాబట్టి లింకు డాక్యుమెంట్లన్నీ ఒక వకీలుకు చూపించి, అమ్మేటోళ్ల కుటుంబంలో అందరూ సంతకాలు పెట్టారా అని అడగాలి. వకీలు ఫీజు ఎక్కువ అనుకునే అక్కలు కార్నర్ బిట్టుకు, తూర్పు ముఖానికి ఎంత ఎక్కువ కట్టారో గుర్తు చేసుకోండి.

నాలుగోది నిషేధిత జాబితా, 22–ఎ అంటారు. సర్కారు భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి, సీలింగు భూమి, అసైన్డ్ భూమి ఇందులో ఉంటాయి. వ్యవసాయ భూమి అయితే భూ భారతిలో కూడా చూడొచ్చు. ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్తా. ఎందుకంటే అసైన్డ్ భూమి మనలో చాలామంది ఇండ్లలో ఉంది. మా తాత కాలంలో భూమి లేని వాళ్లకు సర్కారు ఎకరం, రెండెకరాలు పంచింది. దాన్ని అమ్మొద్దు, కొనొద్దు అని 1977లో చట్టం చేశారు. పేదోళ్ల భూమి పేదోళ్ల దగ్గరే ఉండాలని. కొన్న మనిషికి దాని మీద హక్కు రాదు, సర్కారు తీసేసుకోవచ్చు. ఇప్పుడు ఏం జరుగుతుందంటే, అదే భూమిని ఎకరానికి ఇంత అని అగ్వకు తీసుకొని, పక్కనున్న పట్టా భూమి సర్వే నంబరు చూపించి, రెండూ కలిపి వెంచర్ చేస్తారు. ఇచ్చినామెకు నష్టం, కొన్నామెకు నష్టం. ఇద్దరూ మన సంఘాల్లోనే ఉంటారు. వచ్చి మీ దగ్గర అసైన్డ్ భూమి అడిగితే ఇయ్యకండి. ఎంత చెప్పినా ఇయ్యకండి.

నోటరీ కాగితం, బాండు పేపరు మీద అమ్మకం, ఉత్త జీపీఏ, వీటితో ప్లాటు మనది కాదు. 2011లో సుప్రీంకోర్టు కూడా జీపీఏ మీద చేసే అమ్మకాలతో హక్కు రాదని తేల్చి చెప్పింది. రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉండాలి. పైసలు కూడా చేతికి ఇయ్యొద్దు. భూమి, ఇంటి బేరాల్లో 20,000, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. చెక్కు ఇవ్వండి, ఖాతాలో వేయండి. "నగదైతే తగ్గిస్తం" అంటే అది తగ్గింపు కాదు, రేపు మనం కోర్టులో చూపించడానికి ఏమీ లేకుండా చేసుకోవడం.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఇప్పుడు కొత్తగా వచ్చాయి. ఒక గుంట 121 గజాలు. "5 గుంటలు తీసుకోండి, 605 గజాలు వస్తాయి, గజం లెక్కన చూస్తే ఎంత అగ్వో చూడండి" అంటారు. అగ్వనే, ఎందుకంటే అది చేను. దాన్ని ఇంటి జాగగా మార్చి లేఅవుట్ అనుమతి తీసుకోలేదు. చూపించిన రోడ్డు కాగితంలో రోడ్డు కాదు. ఇల్లు కట్టుకుందామంటే అనుమతి రాదు.

బై బ్యాక్ అని ఇంకోటి ఉంది. ఇంత పెట్టండి, నెల నెలా ఇంత ఇస్తం, రెండేండ్లకు మేమే ఎక్కువకు తిరిగి కొంటం అంటారు. మొదటి నాలుగైదు నెలలు ఇస్తారు కూడా, ఇంకో నలుగురిని మనమే తీసుకొస్తామని. అది భూమి వ్యాపారం పేరుతో డిపాజిట్లు వసూలు చేయడం. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. ప్లాట్లు, భూములు చూపించి నెలవారీ కట్టించుకున్న అగ్రిగోల్డ్ సంగతి మన రెండు రాష్ట్రాల్లో లక్షల ఇండ్లకు తెలుసు. అందులో కట్టినోళ్లు ఎక్కువ మంది కూలీలు, చిన్న వ్యాపారులు, ఆడోళ్లు. కట్టించినోళ్లు కూడా మనలాంటోళ్లే, వాళ్ల ఇండ్ల ముందరే జనం కూర్చున్నారు.

పట్నంలో కొడుకులు కొనే ఫ్లాట్ల గురించి ఎక్కువ చెప్పను. "ప్రీ లాంచ్" అన్న మాట వింటే, ఇంకా అనుమతి లేదు అని అర్థం చేసుకోండి, చాలు. టౌనులో ఇల్లు కొని కిరాయికి ఇద్దామనే అక్కలు లెక్క వేసుకోండి. 30 లక్షల ఇంటికి నెలకు 7,000 కిరాయి వస్తే ఏడాదికి 84,000, నూటికి మూడు రూపాయలు కూడా కాదు. ఇంటి పన్ను, సున్నం, మోటారు రిపేరు, ఖాళీగా ఉన్న నెలలు అందులోంచే పోవాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మన సంఘాల్లోనే కొందరు అక్కలు వెంచర్లకు ఏజెంట్లుగా చేస్తున్నారు. ఒక ప్లాటు అమ్మితే కమీషను. నాకు కోపం లేదు. ఆమెకూ ఇల్లు గడవాలి. అయితే రెండు సంగతులు ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఒకటి, రెరా కింద ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా, నమోదు కాని వెంచర్‌లో ప్లాటు అమ్మిపెడితే రోజుకు 10,000 చొప్పున, ఆ ప్లాటు ధరలో నూటికి ఐదు దాకా జరిమానా వేయొచ్చు. కమీషను ఎంత, జరిమానా ఎంత చూసుకోండి. రెండోది, ఊళ్లో వాళ్లు ఆ కంపెనీని చూసి కొనరు, మన అక్క చెప్పిందని కొంటారు. అంటే అమ్ముడుపోయేది మన సంఘం ఇరవై ఏండ్లుగా సంపాదించుకున్న నమ్మకం. కంపెనీ బోర్డు పీకేసి పోతుంది, అక్క ఊళ్లోనే ఉండాలి.

ప్లాటు ఎవరి పేరు మీద అన్న సంగతి కూడా మనం బయటికి మాట్లాడుకోం. మా గ్రామ సంఘంలో నేను అడిగి చూశాను. అప్పు భార్య పేరు మీద ఉంది. కిస్తీ ఆమె కడుతుంది, కూలికి పోయి, పాలు పోసి. రిజిస్ట్రేషన్ భర్త పేరు మీద, ఒకరిద్దరివి మరిది పేరు మీద కూడా. ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమె బయట చెట్టు కింద కూర్చుంది. రేపు ఆయన ఎవరికైనా హామీ ఉంటే, లేదా తాగి అమ్ముకుంటే, ఆమెను అడిగేటోడు లేడు. అమ్మేటప్పుడు ఆమె సంతకమే అక్కర్లేదు. అన్నీ చూసుకొని, సొంత పైసలతో కొనుక్కున్నా సరే, మీ పేరు మీదనే, లేదంటే ఇద్దరి పేరు మీద రాయించుకోండి. ఇంట్లో ఈ మాట తీస్తే గొడవ అయితదని తెలుసు. కిస్తీ తప్పిన రోజు అయ్యే గొడవ కంటే ఇది చిన్నది.

కొన్నంక కూడా పని ఉంటుంది. హద్దులు కొలిపించుకోవాలి. 150 గజాలంటే 30 అడుగులకు 45 అడుగులు, టేపు పట్టుకొని మనమే కొలవొచ్చు. మూడు నెలలకోసారి పోయి కడీలు ఉన్నాయా చూడాలి, ఏడాదికోసారి ఈసీ తీసి అదే ప్లాటు ఇంకెవరికైనా రాశారా చూడాలి.

ఇక మా గ్రామ సంఘం తరఫున మూడు ప్రతిపాదనలు తెచ్చినం. ఒకటి, సంఘం మీటింగుల్లో, గ్రామ సంఘం, మండల సమాఖ్య సమావేశాల్లో ప్లాట్లు అమ్మే వాళ్లకు మైకు ఇవ్వొద్దు, వాళ్ల పైసలతో భోజనాలు, బహుమతులు తీసుకోవద్దు. రెండు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి పైసలతో అమ్మకానికి ప్లాట్లు కొనడానికి లేదు. అప్పు తీసుకున్న నెల లోపు గ్రామ సంఘం ఉప కమిటీ వాళ్లు పోయి, ప్లానులో రాయించిన పని మొదలైందా చూసి రావాలి. బర్రె అంటే బర్రెను చూడాలి, మిషను అంటే మిషనును చూడాలి.

మూడోది, సొంత పైసలతో కొనాలనుకునే సభ్యురాలు కాగితాలు తెస్తే ఈసీ, 22–ఎ, లేఅవుట్, రెరా నంబరు తీసి ఇవ్వడానికి మండల సమాఖ్యలో వారానికి ఒక రోజు ఒకరిని కూర్చోబెట్టాలి. దీని మీద నాకే ఒక అనుమానం ఉంది. రేపు ఏదన్నా తేడా వస్తే "సమాఖ్య చూసి చెప్పింది గదా" అని మన మీదకు వస్తారు. అందుకని కాగితాలు తీసి చేతికి ఇవ్వడం వరకే మన పని, కొను అని గానీ కొనొద్దు అని గానీ రాసి ఇవ్వకూడదని ప్రతిపాదనలోనే రాసినం. అది సరిపోతుందో లేదో మీరు చెప్పాలి.

మొదటి రెండూ ఇయ్యాలే తీర్మానం చేయమని, మూడోదాన్ని చర్చకు పెట్టమని కార్యదర్శి అక్కను కోరుతున్నా. చర్చలో ముందుగా ఏజెంటు పని చేస్తున్న అక్కలకు మైకు ఇస్తే బాగుంటుంది, వాళ్ల మాట కూడా మినిట్స్‌లో రాయించండి.